నాజిల్ కారితే పంపు మొత్తం విప్పనక్కర్లేదు

(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



దమ్ముల వేళ ట్రాక్టర్ మొరాయిస్తే మనకు బేరమాడే తీరిక ఉండదు. "పంపు పోయింది" అని షెడ్డులో అంటే సరేనంటాం. అన్నీ విప్పిన బిల్లు కడతాం. ఒక్కోసారి చెడింది ఒక్క నాజిల్ మాత్రమే. ఆ తేడా పట్టుకోవడం మనమే నేర్చుకోవాలి.

నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మి, టక్కున ఆపేయాలి. దాని మూతి సరిగా మూసుకోకపోతే చుక్కలు కారతాయి. పొద్దున స్టార్టు కష్టమవుతుంది, పొగ ఎక్కువవుతుంది, ఇంజన్ టకటకలాడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. మండని డీజిల్ కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. గేజి పుల్ల తీసి చూడండి. ఆయిల్ మట్టం పెరిగినా, డీజిల్ వాసన కొట్టినా బండి ఆపేయాలి. ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.

ముందు బయట చూద్దాం. ఇంజెక్టర్లను తుడిచి, స్టార్టు చేసి గమనించాలి. రిటర్న్ పైపు దగ్గర తడి కనిపిస్తే ఇంజన్ ఆపి వాషరు మారిస్తే సరిపోవచ్చు.

బయట పొడిగా ఉంటే ఇంజన్ స్లోలో ఉంచి, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త వదులు చేసి మళ్లీ బిగించాలి. ఏ నట్టు వదిలితే శబ్దం మారదో, లేదా పొగ, టకటక తగ్గుతాయో ఆ సిలిండర్‌ను అనుమానించాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, చేయి అడ్డం పెట్టకండి. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సీఆర్‌డీఐ ఇంజన్లలో ఈ పరీక్ష అసలు చేయకూడదు, ప్రాణాపాయం.

కంప్రెషన్ తగ్గినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. అందుకే ఇంజెక్టర్‌ను పంపు షాపులో టెస్టర్ మీద పెట్టించి, మన కళ్లతో చూడాలి. నాజిల్ తెరుచుకునే ప్రెషర్‌కు కొంచెం తక్కువలో పది సెకన్లు నిలిపితే మూతి దగ్గర చుక్క కట్టకూడదు. కడితే నాజిల్ మార్చాలి. తిరిగి బిగించేటప్పుడు కొత్త రాగి వాషరు వేయాలి. డీజిల్ కలిసిన ఆయిల్‌నూ, ఆయిల్ ఫిల్టర్‌నూ మార్చాలి.

నాజిల్‌కు పెద్ద శత్రువులు దుమ్మూ నీళ్లూ. మూతలేని క్యాన్లు వద్దు. డీజిల్ వడగట్టి పోద్దాం, ఫిల్టర్లు వేళకు మారుద్దాం, అడుగున చేరిన నీళ్లు వదిలేద్దాం.

ఇక మన హక్కు సంగతి. పాత భాగం చేతికివ్వనిదే, రాసిన బిల్లు ఇవ్వనిదే డబ్బు కట్టొద్దు. నాజిల్ టెస్టర్ చేతి లీవరుతో నడిచే చిన్న పరికరమే. మండలానికొకటి ప్రభుత్వం సమకూర్చాలని మన సంఘం తరఫున అడుగుదాం. ప్రతి గ్రామ శాఖా తీర్మానం చేసి పంపాలని కోరుతున్నాం.