కటకం వెనుక గాజు

17వ శతాబ్దపు దూరదర్శినులను పీడించిన లోపాల్లో మొండిది కటకం ఆకారంలో లేదు, గాజులోనే ఉంది. గాజు నీలికాంతిని ఎర్రకాంతి కన్నా ఎక్కువగా వంచుతుంది. ఆ రెండూ ఒకే బిందువు దగ్గర కలవవు. నక్షత్రం చుట్టూ రంగుల అంచు మిగులుతుంది. దీనికి మందు లేదని తేల్చుకున్న న్యూటన్ 1668లో కటకానికి బదులు అద్దంతో దూరదర్శిని తయారుచేశాడు. దూరదర్శిని గొప్పదే, తీర్పే తప్పు. చెప్పినవాడు న్యూటన్ కావడంతో ఆ తప్పు చాలాకాలం చెల్లుబాటైంది.

1730లలో చెస్టర్ మూర్ హాల్ అనే ఇంగ్లండు న్యాయవాది రెండు గాజులను జోడించాడు. క్రౌన్ గాజుతో కుంభాకార కటకం, సీసం కలిసిన ఫ్లింట్ గాజుతో పుటాకార కటకం చేయించాడు. ఫ్లింట్ రంగులను మరీ ఎక్కువగా విడదీస్తుంది కాబట్టి తక్కువ శక్తి ఉన్న ఫ్లింట్ కటకమే క్రౌన్ విడదీసిన రంగులను తిరిగి దగ్గరకు చేరుస్తుంది. కాంతిని కేంద్రీకరించే బలం కొంత మిగిలే ఉంటుంది. 1758లో దీనికి పేటెంటు పొందినవాడు మాత్రం లండన్ కటకాల తయారీదారు జాన్ డాలండ్.

సూత్రం దొరికింది గాని గాజు దొరకలేదు. సీసం బరువు వల్ల కరిగిన ఫ్లింట్ అంతటా ఒకే తీరుగా ఉండదు, చల్లారాక లోపల చారలు కనిపిస్తాయి. స్విట్జర్లాండులో గడియారాలకు గంటలు పోసే పియెర్ లూయీ గినాన్ పాకం కలిపినట్టు ఆ ద్రవాన్ని కాల్చిన మట్టి కడ్డీతో కలియబెట్టాడు. ఇంత చిన్న ఉపాయానికి ఆయనకు ఏళ్లు పట్టాయి. 1805లో ఆయన బవేరియాలోని బెనెడిక్ట్‌బోయర్న్ కొలిమికి చేరాడు.

కొంతసేపు ఆగి చూడవలసిన మనిషి అక్కడే పనిచేసిన జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్. తల్లిదండ్రులను చిన్నప్పుడే పోగొట్టుకుని మ్యూనిక్‌లో అద్దాల పనివాడి దగ్గర చేరాడు. 1801లో ఆ పనివాడి ఇల్లు కూలితే శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు. గాజు ఏ రంగును ఎంత వంచుతుందో కొలవాలంటే ముందు ఆ రంగు కచ్చితంగా ఏదో గుర్తుపట్టాలి. ‘ఎరుపు’ అంటే సరిపోదు. సూర్యకాంతిని పట్టకం గుండా పంపి దూరదర్శినితో చూసినప్పుడు వర్ణపటంలో వందలాది నల్లగీతలు కనిపించాయి. కొన్నిటిని 1802లోనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు వొలాస్టన్ చూశాడు, కాని వాటితో పని చేయించుకున్నవాడు ఫ్రాన్‌హోఫర్. ముఖ్యమైనవాటికి అక్షరాలు పెట్టి, ప్రతి గాజుకూ వక్రీభవన గుణకాన్ని ఆ గీతల దగ్గరే కొలిచాడు. కటకం తయారీలో అంచనా పోయి లెక్క వచ్చింది. 1824లో నేటి ఎస్టోనియాలోని తార్తుకు 24 సెంటీమీటర్ల దూరదర్శిని పంపి, 1826లో 39 ఏళ్లకే మరణించాడు. ఆయన కార్ఖానా పరికరంతోనే ఖగోళ శాస్త్రజ్ఞుడు బెస్సెల్ 1838లో 61 సిగ్ని నక్షత్రం దూరం కొలిచాడు. హైదరాబాదు నిజామియా వేధశాల వారి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని కూడా ఈ వంశానిదే.

సూక్ష్మదర్శినికి ఇదే లెక్క తెచ్చినవాడు జర్మనీలోని యేనా నగరంలో పరికరాల తయారీదారు కార్ల్ త్సైస్‌తో కలిసి పనిచేసిన ఎర్నెస్ట్ అబ్బె. 1870లలో ఆయన సిద్ధాంతం ముందుకు పోయింది, గాజు వెనకబడింది. మిగిలిన రంగు దోషం పోవాలంటే వంపు, రంగుల విభజన ఒకదానితో ఒకటి ముడిపడని గాజులు కావాలి. 1879లో ఓటో షాట్ అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడు అబ్బెకు లిథియం గాజు నమూనా పంపాడు. ఆ గాజు పనికిరాలేదు. ఉత్తరాలు మాత్రం ఆగలేదు. 1884లో యేనాలో గాజు ప్రయోగశాల వెలిసింది. బోరాన్, బేరియం, ఫాస్ఫరస్ కలిపి చేసిన కొత్త రకాలతో 1886లో 44 గాజుల జాబితా వెలువడింది. ఆ ఏడాదే మిగిలిన రంగు దోషాన్ని బాగా తగ్గించిన త్సైస్ అపోక్రొమాట్ కటకాలు అమ్మకానికొచ్చాయి. గాజును వక్రీభవన గుణకం, రంగుల విభజనను తెలిపే అబ్బె సంఖ్య అనే రెండు అంకెలతో గుర్తించే పద్ధతి నేటికీ అదే: 517642 అంటే గుణకం 1.517, అబ్బె సంఖ్య 64.2.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ గాజు ఆగిపోయేసరికి బైనాక్యులర్లకూ తుపాకి గురిచూపు పరికరాలకూ బ్రిటన్ ఇబ్బంది పడింది. ఈ గాజు పరాయి చేతిలో ఉండకూడదని దేశాలకు అప్పుడు అర్థమైంది. ఇండియాలో ఆ బాధ్యత 1950లో ప్రారంభమైన కలకత్తా కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధన సంస్థ మీద పడింది. 1960లలో అక్కడి కొలిముల నుంచి దేశవాళీ కటకపు గాజు వచ్చింది.