కోచ్ అంటే ఉద్యోగమేనా?

 

నేను ఫుట్‌బాల్ కోచ్‌ని. పెళ్ళిచూపుల్లో మా మామగారు అడిగారు: "అది సరే బాబూ, ఉద్యోగం ఏమిటి?" ఆయన తప్పేం లేదు. మా ఒప్పందాలు చాలావరకు ఒక్క సీజన్‌వే. వరసగా నాలుగు ఓడితే అదీ అనుమానమే. ఒక క్లబ్బు నన్ను సీజన్ మధ్యలో పంపేసింది. ఆ ఏడు అమ్మాయి స్కూలు ఫీజు మా ఆవిడ గాజులు తాకట్టుపెట్టి కట్టాం.

అప్పుడు మన డ్రిల్లు మాస్టారి దగ్గరకొచ్చాను. ఆయన ఓదార్చలేదు. "రహీం సాబ్ ఏం పనిచేసేవారో తెలుసురా?" అన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. 1951, 1962 ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచిన మన జట్లకు కోచ్ ఆయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికే క్యాన్సర్. మరుసటి ఏడాది పోయారు.

"చిన్నపిల్లలతో మళ్ళీ మొదలెట్టు" అన్నారు మాస్టారు. మొదలెట్టాను. డి లైసెన్సు అంతకుముందే ఉంది. సి, బి ఆ పిల్లలకు నేర్పుతూనే పూర్తిచేశాను. పెద్ద ఆటగాడికి బంతి ఆపడం చెప్పక్కర్లేదు. పదేళ్ళవాడికి ఆపేముందు తలెత్తి ఎటు చూడాలో కూడా చెప్పాలి. అప్పటిదాకా నాకు తెలిసింది గీత బయట నిలబడి అరవడమే!

ఇప్పుడు ఎ లైసెన్సుకు తయారవుతున్నాను. మామగారు ఇంకా అదే ప్రశ్న అడుగుతున్నారు.

మాస్టారూ, నిన్న మన గ్రౌండు చూశాను. గోల్‌పోస్టులకు వలల్లేవు. అవి నా వంతు.