భుజాన్ని మట్టితో చేసి చూద్దాం
(పక్షవాతం రోగుల బంధువుల కోసం ఫిజియోథెరపీ గదిలో చేసిన ప్రసంగం)

మీ పేషెంటు దగ్గర మరొకరిని కూర్చోబెట్టి వచ్చారు కాబట్టి ఎక్కువసేపు తీసుకోను. ఈ పళ్ళెంలో బంకమట్టి, కొబ్బరి ఈనెలు, రబ్బరు బ్యాండ్లు, నిమ్మకాయలు, సోడా మూతలు ఉన్నాయి. పిల్లల ఆటలా ఉందే అని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, వార్డులో నవ్వడానికి మీకు పెద్దగా ఏమీ దొరకదు.

మట్టితో నేర్పడం నేను కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో జాన్ జహూరెక్ అనే కళాకారుడు చిన్న అస్థిపంజరం బొమ్మ ఇచ్చి, దాని మీద విద్యార్థుల చేతనే మట్టి కండరాలు ఒక్కొక్కటిగా పెట్టించే పద్ధతి తెచ్చారు. మనిషి బొమ్మతో పాటు కుక్క, పిల్లి, గుర్రం బొమ్మలు కూడా అందులో ఉన్నాయి. మన దగ్గర ఆ బొమ్మలు లేవు. ఈనెలతో సర్దుకుందాం.

ముందుగా ఒక పెద్ద ఈనె పెట్టండి. దాని కింద పక్కపక్కనే రెండు ఈనెలు. ఆ తర్వాత చిన్న చిన్న మట్టి ఉండలు కొన్ని. చివర వేళ్ళు. ఇది మన చెయ్యి. మేక ముందుకాలు కూడా ఇదే వరుస, పొడవులే తేడా. మేక ముందుకాలిలో మనం మోకాలు అనుకునేది నిజానికి దాని మణికట్టు. గిట్టలు రెండు వేళ్ళ గోళ్ళు. పాయా కోసం తెచ్చుకునే ముందుకాళ్ళు దాని అరచేయి, వేళ్ళు అన్నమాట! గబ్బిలం రెక్కలోనూ, తిమింగలం తెడ్డులోనూ ఇదే వరుస ఉంటుంది. ఇవన్నీ ఒకే పూర్వ జీవి నుంచి మారుతూ వచ్చాయి కాబట్టే ఈ పోలిక అని 1859లో డార్విన్ రాశారు. 2004లో కెనడా ఉత్తరపు మంచు ప్రాంతంలో టిక్టాలిక్ అనే చేప శిలాజం దొరికింది. వయసు సుమారు 37.5 కోట్ల సంవత్సరాలు. దాని రెక్కలోనూ ఒక ఎముక, తర్వాత రెండు, ఆ తర్వాత మణికట్టులాంటి చిన్న ఎముకలు ఉన్నాయి.

అలాగని మేకను చూస్తే మనిషి గురించి అంతా తెలిసిపోయినట్టు కాదు. గేలెన్ అనే ప్రాచీన వైద్యుడు జంతువులను కోసి చూసి రాసిన సంగతులను వెయ్యేళ్ళకు పైగా అందరూ నమ్మారు. మనిషి కింది దవడ రెండు ఎముకలని ఆయన రాశాడు. 1543లో వెసాలియస్ మనుషుల శవాలను స్వయంగా కోసి చూసి, అది ఒకటే ఎముక అని చూపించాడు. పోలిక చూడాలి, తేడా కూడా చూడాలి. మన పేషెంట్లకు కావలసిన తేడా భుజం దగ్గర ఉంది.

మటన్ కొట్టులో మేకను కొట్టేటప్పుడు గమనించారా? ముందుకాలు తీయడానికి కత్తి ఒక్కటే చాలు. పక్కటెముకల పక్కగా కోస్తూ పోతే, పలక ఎముకతో సహా కాలు వచ్చేస్తుంది. ఒక్క ఎముకనూ నరకక్కర లేదు. వెనక కాలు అలా రాదు, తుంటి గుంటలో తొడ ఎముక గుండు లోతుగా కూర్చుని ఉంటుంది. మేక మొండెం ముందుకాళ్ళ మధ్య కండల ఉయ్యాలలో వేలాడుతుంది.

ఇప్పుడు మీ గొంతు కింద తడమండి. భుజం చివరిదాకా అడ్డంగా వెళ్ళే ఎముక తగిలిందా? కాలర్ ఎముక అంటాం. చెయ్యి మొత్తాన్ని మొండెం ఎముకలతో కలిపేది ఈ ఒక్క ఎముకే. మేకకు ఇది లేదు, కోతికి ఉంది. కొమ్మలు పట్టుకుని ఎక్కిన, వేలాడిన పూర్వీకుల నుంచి మనకు వచ్చింది. వాళ్ళ శరీరంలోనే పలక ఎముక పక్క నుంచి వీపు మీదికి జరిగింది. అందుకే మనం చెయ్యి పైకెత్తగలం, వీపు గోక్కోగలం. మేక కాలు ముఖ్యంగా ముందుకూ వెనక్కూ ఆడుతుంది, అంతే. కానీ అన్ని వైపులా తిరగాలంటే కీలు లోతుగా ఉండకూడదు. అక్కడే చిక్కు వచ్చింది.

సోడా మూతను నిలువుగా పట్టుకుని దానికి నిమ్మకాయ ఆనించండి. భుజం కీలు ఇంతే. గుండులో మూడో వంతు కూడా గుంటకు సరిగా ఆనదు. నిమ్మకాయ జారకుండా రబ్బరు బ్యాండ్లు వేయండి: పైన ఒకటి, ముందు ఒకటి, వెనక రెండు. ఇవి నాలుగు కండరాలు. కింద ఒక్కటీ లేదు, చూశారా? ఇప్పుడు బ్యాండ్లను వదులు చేయండి. నిమ్మకాయ ఎటు జారింది? కిందికే.

పక్షవాతం వచ్చిన కొత్తలో జరిగేది ఇదే. మెదడు నుంచి ఆజ్ఞ రాదు, కండరాలు వదులైపోతాయి. 60 కిలోల మనిషికి ఒక్కో చెయ్యి సుమారు 3 కిలోల బరువు. ఆ బరువుకే గుండు కిందికి దిగుతుంది. కొందరిలో భుజం అంచు కింద వేలు పట్టేంత సందు తెలుస్తుంది. ఆ సమయంలో చెయ్యి పట్టుకుని లాగితే ఏమవుతుందో నిమ్మకాయను అడగండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయనను కూర్చోబెట్టాలని, పడిపోయిన చెయ్యి పట్టుకునే లేపాను. ఆయనకు మాట పడిపోయింది. కళ్ళ నీళ్ళు కారాయి. చాలా రోజుల తర్వాత కూర్చున్నందుకు సంతోషం కాబోలు అనుకున్నాను. మర్నాడు ఆ భుజాన్ని ముట్టనివ్వలేదు. ఎందుకో తెలుసుకోవడానికి నాకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. అందుకే మీలో ఎవరైనా అలా లాగి ఉంటే నేను కోప్పడను.

పక్కకు తిప్పేటప్పుడు ఒక చెయ్యి వీపు మీది పలక ఎముక వెనక, రెండోది తుంటి వెనక పెట్టి దొర్లించండి. చంకల కింద చేతులు పెట్టి ఎత్తవద్దు. కూర్చోబెట్టినప్పుడు మోచెయ్యి నుంచి అరచేయి దాకా దిండు మీద ఆనాలి, చెయ్యి వేలాడకూడదు. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. నూనె రాయడం తప్పు కాదు, రాస్తూ రాస్తూ గట్టిగా లాగడమే తప్పు. నొప్పి ఉన్నా, వాపు కనిపించినా వెంటనే మాకు చెప్పండి. మాట రాని వాళ్ళయితే ముఖం చూస్తూ ఉండండి. చేతికి గుడ్డ పట్టీ కట్టాలా వద్దా అనేది పేషెంటును బట్టి ఉంటుంది, మీ అంతట మీరు కట్టకండి.

ఇక ముగ్గురేసి చొప్పున ముందుకు రండి. ఒకరు పేషెంటుగా పడుకోండి, ఒకరు తిప్పండి, ఇంకొకరు చేతులు ఎక్కడ పడ్డాయో చూడండి. అమ్మా, మీరు ఆ నిమ్మకాయ ఇంటికి తీసుకెళ్ళవచ్చు, మూత మాత్రం ఇచ్చేయండి, మధ్యాహ్నం బ్యాచికి కావాలి.