కుక్క పాటీ ఎత్తారు సరే... తర్వాత అది ఎవరి చేతికి వెళ్తోంది?

తింటూ ఫోన్ చూసే అలవాటు ఉన్నవాళ్ళు ఈ ఒక్క ఎపిసోడ్‌కి కాస్త ఆగండి. ప్లేట్ ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని రండి. ఎందుకంటే ఈరోజు మన టాపిక్ కుక్క పాటీ. అవును, సరిగ్గానే విన్నారు.

నవ్వొస్తోంది కదా? కానీ ఏ కాలనీ వాట్సాప్ గ్రూప్ తెరిచినా పార్కింగ్ గొడవ పక్కనే ఈ గొడవ కూడా ఉంటుంది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గేసి లోపలికి వెళ్ళిన ఆంటీ పది నిమిషాల తర్వాత బయటికొచ్చి చూస్తే ముగ్గు మధ్యలో అది ఉంటుంది. ఇక ఆ రోజు వీధంతా వినాల్సిందే. గ్రూప్‌లో ఫొటో పడుతుంది, "ఎవరి కుక్క ఇది?" అని. అప్పటిదాకా గుడ్ మార్నింగ్‌లు పెట్టినవాళ్ళందరూ ఒక్కసారిగా మౌనవ్రతం.

ఈ గొడవలో "కుక్కల్ని పెంచడమే తప్పు" అనేవాళ్ళు ఒక వైపు, "మీకు మూగజీవాలంటే జాలి లేదు" అనేవాళ్ళు ఇంకో వైపు. నేను ఈరోజు ఏ వైపూ కాదు. నాది ఒకటే ప్రశ్న. ఆ పాటీ చివరికి ఎక్కడికి వెళ్తుంది? ఎవరి కాలికి, ఎవరి చేతికి తగులుతుంది?

ముందు ఒక పెద్ద అపోహ తీసేద్దాం. "మట్టిలో కలిసిపోతుంది, ఎరువే కదా" అంటారు చాలామంది. ఆవు పేడతో మనం కళ్ళాపి చల్లాం, పిడకలు కొట్టాం, పొలానికి తోలాం. కానీ ఏ ఊళ్ళోనైనా కుక్క పెంటతో ఇల్లు అలికినవాళ్ళని చూశారా? మన పెద్దవాళ్ళు సైన్స్ పుస్తకం చదవకపోయినా తేడా వాళ్ళకి తెలుసు. ఆవు గడ్డి తింటుంది. కుక్క మాంసం, గుడ్లు, ప్రొటీన్ ఎక్కువగా ఉండే ప్యాకెట్ ఫుడ్ తింటుంది. అందుకే దాని పాటీలో నైట్రోజన్, ఫాస్ఫరస్ గాఢంగా ఉంటాయి. పచ్చిగా పడినచోట గడ్డిని పెంచకపోగా మాడ్చేస్తుంది.

అసలు భయపడాల్సింది కంటికి కనిపించని వాటి గురించి. కుక్క పేగుల్లో ఉండే నులిపురుగుల్లో టాక్సోకారా అని ఒక రకం ఉంది. కుక్కపిల్లలకి తల్లి కడుపులో ఉండగానే అది సోకుతుంది. దాని గుడ్లు పాటీతో పాటు బయటికి వస్తాయి. ఇక్కడ ఒక మంచి వార్త, ఒక చెడ్డ వార్త ఉన్నాయి. మంచి వార్త ఏంటంటే, అప్పుడే పడిన పాటీలో ఆ గుడ్లు మనకి సోకే దశలో ఉండవు. ఆ దశకి రావడానికి మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చెడ్డ వార్త ఏంటంటే, ఎవరూ ఎత్తకపోతే పాటీ కరిగిపోయినా గుడ్లు మట్టిలోనే ఉంటాయి. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు కూడా బతుకుతాయి. ఆ మట్టిలో ఆడుకున్న పిల్లలు చెయ్యి నోట్లో పెట్టుకుంటే గుడ్లు లోపలికి వెళ్తాయి. కొందరిలో ఆ పురుగు పిల్లలు కాలేయం, ఊపిరితిత్తుల దాకా, అరుదుగా కంటి దాకా కూడా వెళ్తాయి. కంటికి వెళ్తే చూపు దెబ్బతినొచ్చు.

కొంకిపురుగు ఇంకో రకం. దానికి నోటితో పనిలేదు. వెచ్చగా, తేమగా ఉన్న మట్టిలో, అంటే మన వానాకాలంలో, వారం పది రోజుల్లోనే దాని పిల్లలు తయారై చెప్పుల్లేని కాలి చర్మంలోంచి దూరగలవు. చర్మం కింద ఎర్రగా, వంకర టింకర గీతలా పాకుతూ విపరీతమైన దురద పెడతాయి.

అందుకే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఏ రోజు పాటీ ఆ రోజే ఎత్తేస్తే ఈ ప్రమాదం చాలావరకు అక్కడే ఆగిపోతుంది. దీనికి మందూ, మెషీనూ అక్కర్లేదు. వంగే నడుము చాలు. దాంతోపాటు మీ కుక్కకి నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు వేయాలో వెటర్నరీ డాక్టర్‌ని అడిగి, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఒక కుక్క రోజుకి సుమారు 340 గ్రాముల పాటీ చేస్తుందని ఒక అంచనా. చిన్న జాతి అయితే తక్కువ, పెద్దదైతే ఎక్కువ. ఒక గేటెడ్ కమ్యూనిటీలో 50 కుక్కలు ఉన్నాయనుకోండి. రోజుకి 17 కిలోలు. ఏడాదికి 6 టన్నుల పైమాటే. ఇదంతా రోడ్డు పక్కనే ఉంటే మొదటి పెద్ద వానకి ఎక్కడికి పోతుంది? వాననీళ్ళ కాలువలోకి, అక్కడినుంచి నాలాలోకి, నాలా నుంచి చెరువులోకి. మధ్యలో శుద్ధి చేసే ప్లాంట్ సాధారణంగా ఉండదు. బాత్రూమ్ నీళ్ళు వెళ్ళే దారి వేరు, వాననీళ్ళ దారి వేరు.

నిజం నిజంగా మాట్లాడుకుందాం. హుస్సేన్ సాగర్‌ని పాడుచేసింది కుక్కలు కాదు. నాలాల్లో వచ్చిన మురుగునీరు, ఫ్యాక్టరీల వ్యర్థాలు. మన చెరువుల మీద గుర్రపు డెక్క పరుచుకోవడానికి కూడా పెద్ద కారణం మురుగే. కానీ ఆ డెక్కకీ, నాచుకీ కావాల్సిన తిండి అదే నైట్రోజన్, అదే ఫాస్ఫరస్. నాచు పెరిగి, చచ్చి, కుళ్ళితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు తేలిపోతాయి. ఇప్పటికే నిండిన కుండలోకి మనం ఇంకో చెంబు పోస్తున్నాం, అంతే.

"ఇంత చిన్నదానికి అంత ప్రభావమా?" అంటారా? బెల్జియంలో ఘెంట్ అనే నగరం పక్కన ఉన్న ప్రకృతి రక్షిత స్థలాల్లో వాకింగ్‌కి వచ్చే కుక్కల్ని నెలల తరబడి లెక్కపెట్టారు. 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. కుక్కల వల్ల హెక్టారుకి, అంటే సుమారు రెండున్నర ఎకరాలకి, ఏడాదికి 11 కిలోల నైట్రోజన్, 5 కిలోల ఫాస్ఫరస్ పడుతోందని తేలింది. అందరూ పాటీ ఎత్తేస్తే ఆ ఫాస్ఫరస్ దాదాపు మొత్తం ఆగిపోతుందని, నైట్రోజన్ సగానికి పైగా తగ్గుతుందని కూడా లెక్కకట్టారు. మిగతా నైట్రోజన్ మూత్రంలోది, దాన్ని ఎత్తలేం కదా.

సరే, ఇంతవరకు విన్నాక "నేను ఎత్తుతాను, నేను మంచివాణ్ణే" అని కొందరు కాలర్ ఎగరేస్తున్నారు. ఆగండి. అసలు ఎపిసోడ్ ఇక్కడే మొదలవుతుంది.

ఎత్తి ఏం చేస్తున్నారు? ప్లాస్టిక్ కవర్‌లో వేసి, గట్టిగా ముడేసి, ఇంటి చెత్తబుట్టలో పడేసి చేతులు దులుపుకుంటున్నారు. పొద్దున్నే చెత్త ఆటో వస్తుంది. ఆ ఆటో వెనకాల నిలబడి తడి చెత్త, పొడి చెత్త చేత్తో వేరుచేసే అక్కని ఎప్పుడైనా ఒక్క నిమిషం ఆగి చూశారా? ముడేసిన కవర్‌లో ఏముందో ఆమెకి తెలియదు. పనికొచ్చే ప్లాస్టిక్ ఉందేమో, కూరగాయ తొక్కలున్నాయేమో అని విప్పుతుంది. చాలాసార్లు చేతికి గ్లౌజ్ ఉండదు. మన కుక్క మీద ప్రేమ మనది, దాని పాటీ మాత్రం ఆమె గోళ్ళ సందుల్లోకి. ఇది శుభ్రత కాదు ఫ్రెండ్స్. మన వాకిట్లో చెత్త ఊడ్చి పక్కింటి గుమ్మంలో పోయడం.

ఇంకో ఘనకార్యం ఉంది. కవర్‌లో కట్టి, ఆ కవర్‌ని పొదల్లోనో, డ్రైనేజీ మూత పక్కనో విసిరేయడం. దానికన్నా వదిలేయడమే నయమేమో. ఇప్పుడు పాటీకి తోడు ప్లాస్టిక్ కూడా ఉంది, కాలువకి అడ్డం పడటానికి. "మాది కంపోస్టబుల్ కవర్" అంటే అది కరగడానికి తగిన వేడి, తేమ ఉన్న కంపోస్ట్ ప్లాంట్ కావాలి. పొదలో కరగదు, డంప్ యార్డ్‌లో గాలి తగలని కుప్ప కిందా సరిగ్గా కరగదు.

మరి ఏం చేయాలి? నాలుగు మాటలు చెప్తాను.

ఒకటి, నిన్నటి న్యూస్ పేపర్. ఇంట్లో పేపర్ రాకపోతే పక్కింటి తాతయ్యని అడగండి, సంతోషంగా ఇస్తారు. కుక్క కూర్చోబోతుండగా వెనక నుంచి ఒక షీట్ జరపండి. నాలుగు రోజుల్లో మీకూ, దానికీ అలవాటైపోతుంది. రోడ్డు మీద మరక కూడా మిగలదు.

రెండు, ఇంటికి తెచ్చి పాటీని టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయండి. మీ ఇల్లు డ్రైనేజీ లైన్‌కి గానీ, అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీకి గానీ కలిసి ఉంటే ఇదే మంచి దారి. మనది వెళ్ళే చోటికే అదీ వెళ్తుంది. కానీ పాటీ మాత్రమే. పేపర్, టిష్యూ, కవర్ వేశారో, ప్లంబర్ నంబర్ వెతుక్కోవాల్సిందే.

మూడు, ఫ్లష్ కుదరకపోతే, లేదా ఆ ఖాళీ పేపర్ పారేయాలంటే, డైపర్లు, ప్యాడ్‌లు ఎలా చుట్టి విడిగా ఇస్తామో అలాగే ఇవ్వండి. పేపర్‌లో రెండు మడతలు చుట్టి, పైన ఎర్ర పెన్నుతో పెద్ద చుక్క పెట్టండి. పుణెలో చెత్త సేకరించే కార్మికులు శానిటరీ ప్యాడ్‌ల కోసం ఇలాంటి ఎర్ర చుక్క ప్రచారమే నడిపారు. చుక్క ఉంటే విప్పొద్దు అని అర్థం. మీ ఆటో అక్కకి ఒకసారి నోటితో కూడా చెప్పండి. "అక్కా, ఇది కుక్కది, విప్పకు" అనడానికి ఎంతసేపు పడుతుంది?

నాలుగు, సొంత పెరడు ఉంటే జానెడు లోతుకి తగ్గకుండా గుంట తీసి పూడ్చండి. బావికీ, బోరుకీ, కూరగాయ మడులకీ దూరంగా. మామూలు వంటింటి కంపోస్ట్ డబ్బాలో మాత్రం వేయొద్దు. అలాస్కాలో స్లెడ్ బండ్లు లాగే కుక్కల పాటీని కంపోస్ట్ చేసి చూశారు. కుప్ప 60 డిగ్రీల పైన వేడెక్కితేనే పురుగుల గుడ్లు చస్తాయి. మన బాల్కనీ డబ్బాకి అంత వేడి నిలవడం కష్టం. తోటకూర మడిలోకి ఆ ఎరువు అసలే వద్దు.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. "వీధి కుక్కల సంగతేంటి? వాటి వెనకాల ఎవరు తిరుగుతారు?" న్యాయమైన ప్రశ్నే. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లు. అది ఆపరేషన్లు, టీకాలు, చెత్త నిర్వహణతో మున్సిపాలిటీలు తేల్చాల్సిన పని. అందుకోసం అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. కానీ వీధి కుక్కకి యజమాని లేడు. మీ కుక్క మెడలో బెల్ట్ ఉంది, ఆ బెల్ట్ రెండో కొస మీ చేతిలో ఉంది. తేడా అదే.

చట్టం ఏమంటుంది అని కూడా అడుగుతారు. మన జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కుక్కని పెంచొద్దని అసోసియేషన్లు నిషేధం పెట్టకూడదని ఉంది. అందరూ దాన్నే స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెడతారు. బయట కుక్క మలం చేస్తే శుభ్రం చేయాలని యజమానులకి సలహా కూడా అందులోనే ఉంది. ఆ భాగాన్ని మాత్రం ఎవరూ స్క్రీన్‌షాట్ తీయరు! న్యూయార్క్‌లో 1978 ఆగస్టు 1 నుంచి ఎత్తకపోతే జరిమానా అనే చట్టం వచ్చింది. ఇది అయ్యే పనేనా అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ప్రతి కుక్క వెనకాల పోలీసు నడవలేడు. పక్కవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గుతోనే ఇలాంటి అలవాట్లు నిలబడతాయి.

చివరిగా, కుక్కని తిప్పే పని వాచ్‌మన్ అన్నకో, పనికి వచ్చే అక్కకో అప్పగించే ఇళ్ళకి ఒక మాట. వాళ్ళు ఎత్తాలనుకుంటే పేపర్, గ్లౌజులు, చేతికి సబ్బు ఇవ్వండి, ఆ పనికి తగ్గ డబ్బు ఇవ్వండి. వీలైన రోజు ఆ పని మీరే చేయండి. కుక్కతో రీల్స్ మనం చేసుకుంటాం కదా, పాటీ కూడా మనదే.

రేపు పొద్దున వాకింగ్‌కి వెళ్ళేటప్పుడు ఫోన్‌తో పాటు జేబులో ఒక పేపర్ మడత పెట్టుకోండి. ఎర్ర పెన్ను గుమ్మం దగ్గర ఉంచండి. కుక్క ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి, కానీ భోజనం టైమ్‌లో మాత్రం పంపొద్దు. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.