అతిథి మర్యాద, అమ్మకపు మర్యాద

(సంఘ కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వంటపాత్రలను గూర్చి సభలో ప్రసంగించుట యేమియని కొందరికి తోచవచ్చును. కాని నేడు వంటపాత్రలు అంగడినుండియే గాక బంధుమిత్రుల ముంగిటినుండియు మన యిండ్లకు చేరుచున్నవి. ఒక గృహిణి తనకు తెలిసిన నాలుగైదు జంటలను సాయంకాలమున ఇంటికి పిలుచును. ఉపాహారము పెట్టును. పిదప ఒక కుక్కరునో, పెనమునో, మూత డబ్బాలనో తెచ్చి, అందరి యెదుటను వండి, రుచి చూపి, అక్కడనే అమ్మకము సాగించును. మరికొందరు తాము దంచిన కారములను, పొడులను, పెట్టిన పచ్చళ్ళను ఇట్లే అమ్ముచున్నారు.

ఈ పద్ధతిని నిందించుటకు మేము రాలేదు. పసిబిడ్డలను, ముసలివారిని విడిచి కదలలేని స్త్రీకి ఇది గౌరవప్రదమైన సంపాదన. మా మనవి ఒక్కటియే: పిలిచినవారి ఆదరమును పాత్ర వెలలో కలుపరాదు. ఆ రెంటిని వేరుగ నుంచుటకు దంపతుల నిరువురను కలిపి పిలుచుట మంచి సాధనము. అయితే దానిని ఎవరి మేలుకొరకు వాడుచున్నామో ఎరిగి వాడవలెను.

ముందుగా ఈ పద్ధతి పుట్టుక కొంచెము తెలిసికొందము. 1920 తరువాతి సంవత్సరములలోనే అమెరికా దేశమున అల్యూమినియము పాత్రల విక్రేతలు గృహస్థుల యిండ్లలో భోజనము వండిపెట్టి తమ సరుకు చూపుచుండిరి. 1946లో ఎర్ల్ టప్పర్ అను నతడు గాలి చొరని మూతలుగల ప్లాస్టికు డబ్బాలను విపణిలోనికి తెచ్చెను. అంగడి బల్లపై అవి అంతగా కదలలేదు. మూతను బిగించి, ఒక అంచు ఎత్తి, లోని గాలిని వెడలనొత్తవలెనని ఎవరైన చేసి చూపిననే గాని కొనువారికి తెలియకపోవుట అందులకు కారణము. బ్రౌనీ వైజ్ అను వనిత ఇరుగుపొరుగువారిని ఒక యింట చేర్చి, ఆ మూతను చేసి చూపి అమ్మెను. ఆ పద్ధతి ఫలించుట చూచి 1951లో ఆ సంస్థ తన సరుకును అంగళ్ళనుండి తీసివేసి ఇంటి గోష్ఠులలోనే అమ్మసాగెను. ఆమెను ఉపాధ్యక్షురాలిగ చేసికొనెను. 1958లో ఆమెనే పదవినుండి తొలగించెను. సంస్థలో ఆమెకు వాటా లేకుండెను. ఆ సంవత్సరమే టప్పర్ తన సంస్థను పరులకు విక్రయించెను. ఆ డబ్బాలు 1996లో మన దేశమునకు వచ్చినవి. 2024 సెప్టెంబరులో ఆ సంస్థ అమెరికా న్యాయస్థానమున దివాలా రక్షణ కోరెను.

ఈ చరిత్రనుండి రెండు సంగతులు గ్రహింపవలెను. వస్తువును చేసి చూపుటలో నిజమైన ఉపకారము కలదు. అంగడిలో అద్దము వెనుక నున్న పాత్ర చెప్పని సంగతిని పొయ్యిమీది పాత్ర చెప్పును. ఇక రెండవది: సంస్థలు వచ్చును, పోవును, చేతులు మారును. కాని ఆ సరుకును మన యింట అమ్మిన వదిన గాని, కొనిన తోడికోడలు గాని ఎక్కడికిని పోరు. సంస్థ ఎత్తివేసిన పిదప కూడ వారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనవలసినవారే.

ఇక దంపతుల సంగతి. ఖరీదైన స్టీలు పాత్రల జతలు అమ్మువారిలో పలువురు భార్యాభర్త లిరువురును రావలెనని పట్టుబట్టుదురు. ఏలన, ఒక్కరే వచ్చినచో ‘ఇంటిలో అడిగి చెప్పెదము’ అను మాట మిగిలియుండును. ఇద్దరును ఎదుట నున్నచో ఆ మాటకు తావుండదు. ఆ రాత్రియే సంతకము పడును. మేమును ఇద్దరిని పిలువుడనియే చెప్పుచున్నాము. కాని మా కారణము వేరు. ఆ పాత్రను దినమునకు రెండు మార్లు ఎత్తి దింపు చేయి యొకటి, నెలనెల దాని వాయిదా కట్టు చేయి మరియొకటి కావచ్చును. నేడు పెక్కు ఇండ్లలో ఇద్దరును సంపాదించుచున్నారు, ఇద్దరును వండుచున్నారు. రెండు చేతులును పాత్రను తాకి చూడవలెను. రెండు నోళ్ళును మాటాడవలెను.

ఒక లెక్క చూడుడు. ఉదాహరణకు, 60,000 రూపాయల పాత్రల జతను నెలకు 3,000 చొప్పున 24 నెలలు కట్టుడని చెప్పిరనుకొందము. మొత్తము 72,000 అగును. అనగా 12,000 రూపాయలు పాత్రకు గాక గడువునకు ఇచ్చుచున్నాము. నెలకు మూడు వేలే గదా యని విన్నపుడు ఈ పండ్రెండు వేలు చెవికి వినబడవు. ఈ లెక్కను ఆలుమగలు తమ యింట, తమ దీపము క్రింద కూర్చుండి వేసికొనవలెనే గాని, ఫలహారపు పళ్ళెము చేతనుంచుకొని పరుల యింట వేసికొనరాదు.

దంపతులను పిలువుడనిన, ఒంటరివారిని, భర్తను గాని భార్యను గాని కోల్పోయినవారిని విడువుడని అర్థము కాదు. వారు తమ కుమార్తెనో, తమ్మునినో, స్నేహితురాలినో వెంట తెచ్చుకొనవచ్చును. ఒక తలకు రెండవ తల తోడగుటయే ఇచట ముఖ్యము.

ఈ సంగతి మనవంటివారికి మరింత ముఖ్యమగుటకు కారణము కలదు. బెంగళూరున గాని, కోయంబత్తూరున గాని, బరంపురమున గాని, షోలాపురమున గాని, తరతరములుగ స్థిరపడిన మనవారు ఒకరి యింటి పెండ్లికి ఒకరు పనులకు నిలిచినవారు. ఒకరి ఆపదకు ఒకరు ఆసుపత్రి వసారాలో రాత్రి మేలుకొనినవారు. అట్టివారు ‘వదినా, మా కోసము ఒక్కటైన తీసికొనుము’ అనినచో కాదనుట ఎంత కష్టమో మీరెరుగుదురు. అంగడివానిని కాదనవచ్చును, ఆప్తురాలిని కాదనలేము. ఆ మొగమాటముతో కొనిన పాత్ర అటక యెక్కును. అది చిన్న నష్టము. పెద్ద నష్టము తరువాత వచ్చును. మరునాడు ఆ యింటినుండి పేరంటమునకు పిలుపు వచ్చినపుడు ‘ఈ మారు ఏమి అమ్మబోదురో’ అను శంక పుట్టును. ఉగాదికి పిలిచినను ఏదో యొక సాకు చెప్పి ఆగిపోవుదురు. మన పిల్లలలో పలువురకు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో గాని తెలుగు లేదు. వారికి పదిమంది నోట తెలుగు మాట వినబడు చోటు ఈ ముంగిళ్ళే. అంగడి మూతపడిన మరియొకటి తెరచుకొనును. ముంగిలి మూతపడిన తెరచుట కష్టము.

కావున ఇట్టి గోష్ఠి జరుపదలచిన గృహస్థులకు కొన్ని పద్ధతులు మనవి చేయుచున్నాము.

మొదటిది, పిలుపు. ‘మా యింట వంటపాత్రల ప్రదర్శన, విక్రయము జరుగును, చూచుటకు రండు, కొనవలెనను నియమము లేదు’ అని ముందే స్పష్టముగ చెప్పవలెను. నోము, పుట్టినదినము, సీమంతము పేర పిలిచి, తాంబూలము చేతికిచ్చి, పిదప డబ్బాలు విప్పరాదు. తాంబూలము తీసికొనిన చేయి కాదనుటకు సిగ్గుపడును. ఆ సిగ్గు మనకు సరుకు కారాదు.

రెండవది, పరీక్ష. అమ్మువారు తెచ్చిన వంటకమునే గాక మన నిత్యపు వంటను ఆ పాత్రలో చేయించి చూడవలెను. పెనమైనచో పెసరట్టు పోయించుడు. కుక్కరైనచో కందిపప్పు ఉడికించుడు. కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపరాదు; పప్పు, బియ్యము వంటి పొంగు ధాన్యములైనచో సగమునకు మించరాదు. అనగా 3 లీటర్ల కుక్కరులో నీటితో కలిపి లీటరున్నర పప్పు మాత్రమే ఉడుకును. పదిమంది యింటికి అది చాలునో లేదో అక్కడనే తేలును. 2021 ఫిబ్రవరి 1 నుండి మన దేశమున ఇంటి ప్రెషరు కుక్కరులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి యైనది. ఆ గుర్తు లేనిదానిని ముట్టవలదు. ఇండక్షను పొయ్యి గలవారు ఒక అయస్కాంతపు ముక్కను వెంట తీసికొనిపోవలెను. పాత్ర అడుగున అది గట్టిగ అంటుకొనినచో ఆ పొయ్యిపై పనిచేయును. పులుసు వండుకొను ఇండ్లవారు పూతలేని అల్యూమినియమున చింతపండు పులుసును నిలువ యుంచరాదు. ఇత్తడి పాత్రకు కళాయి యుండవలెను. పాత్రయే రోగములు కుదుర్చునని ఎవరైన చెప్పినచో, ఆ మాట వంటింటిది కాదని గ్రహింపుడు.

మూడవది, వెలల పట్టిక. పాత్ర కొలత, బరువు, వెల, వాయిదాల మొత్తము, తిరిగి ఇచ్చుటకు గల గడువు, సంస్థ చిరునామా, ఇవన్నియు కాగితముపై నుండవలెను. ఆ కాగితము తెలుగునను, ఆ రాష్ట్రపు భాషయందును ఉండుట మేలు. మనలో తాతగారికి తెలుగు చదువ వచ్చును, మనుమనికి రాదు. మనుమనికి కన్నడమో తమిళమో వచ్చును, తాతగారికి నోటి మాటయే గాని చదువు రాదు. ఆంగ్లమున అచ్చువేసిన పత్రముపై ఇద్దరును గ్రుడ్డిగ సంతకము చేయవలసిన స్థితి రాకూడదు.

నాలుగవది, గడువు. ఆ సాయంకాలమున ఆర్డరు తీసికొనరాదు. మూడు దినములు గడచిన పిదప కావలసినవారే కబురు పంపవలెను. నిజముగ పనికివచ్చు పాత్ర మూడు దినములైనను మనస్సున నిలుచును. మొగమాటము మాత్రము మూడు దినములు నిలువదు.

అయిదవది, పిలుచువారి లెక్క. పది జంటలకు, మనిషికి 60 రూపాయల చొప్పున ఫలహారము పెట్టినచో 1,200 రూపాయలగును. అమ్మకముపై నూటికి 20 వంతున ప్రతిఫలము వచ్చుననుకొనినను, 6,000 రూపాయల సరుకు అమ్ముడైన పిదప గాని ఫలహారపు ఖర్చు తీరదు. తన శ్రమకు కూలి ఇంకను రాలేదు. కావున కాఫీ, ఒక కారపు వంటకము చాలును. ఫలహారము పెరిగినకొలది అమ్మవలెనను ఆత్రమును పెరుగును. వచ్చినవారిపై బరువును పెరుగును.

ఆరవది, సభ్యత్వముల సంగతి. కొందరు పాత్ర అమ్ముటతో ఆగక, ‘మీరును చేరుడు, మరి నలుగురిని చేర్పుడు’ అందురు. ఇచట మిక్కిలి జాగ్రత్త వలెను. 1978 నాటి చట్టము ధన పరిభ్రమణ పథకములను నిషేధించినది. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రత్యక్ష విక్రయములకు నియమములు ప్రకటించినది. వాని ప్రకారము గొలుసు పథకములు నిషిద్ధములు. చేరుటకు రుసుము వసూలు చేయరాదు. విక్రేత గుర్తింపు పత్రము లేకయు, ముందుగ సమయము నిర్ణయించుకొనకయు కొనువారి యింటికి పోరాదు. పోయినపుడు తానెవరో, ఏ సంస్థవాడో, ఏ పనిపై వచ్చెనో మొదటనే చెప్పవలెను. మోసము జరిగినదని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై ఫోను చేయవచ్చును. పాత్ర అమ్మి సంపాదించుట వృత్తి. మనుష్యులను చేర్చి సంపాదించుట మాత్రము మన బంధుత్వమును మెట్లు మెట్లుగ అమ్ముటయే.

ఏడవది, ఇంటి వంటకముల అమ్మకము. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు కారము, ఇవి మన సోదరీమణుల చేతి విద్య. వీనిలో లాభము పరసంస్థకు పోదు. కాని ఇందును పద్ధతి కావలెను. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము ననుసరించి ఇంటినుండి అమ్మువారును తమ పేరు నమోదు చేయించుకొనవలెను. సీసాపై సరుకు పేరు, కలిపిన వస్తువులు, తూకము, వెల, చేసిన తేదీ వ్రాయవలెను. ‘మనవారేగదా’ అని తూకము వ్రాయక ఇచ్చుట చనువు కాదు, అజాగ్రత్త.

కొనువారికిని ఒక మాట. అయినవారు తెచ్చిరని ఉచితముగ అడుగుట, వెలలో సగము తగ్గింపుడనుట, డబ్బు పండుగ తరువాత ఇచ్చెదమని నెలలు గడపుట మర్యాద కాదు. ‘మాకు వలదు’ అని నవ్వుచు చెప్పుట గౌరవము. తీసికొని డబ్బు నిలుపుట అగౌరవము. అమ్ముకొను సోదరి మనవలన చెడకూడదు. ఆమెవలన మనమును చెడకూడదు.

చివరకు సంఘమును గూర్చి రెండు మాటలు. సంఘ సభ్యుల చిరునామాల పుస్తకము ఆపదలకు, శుభములకు ఏర్పడినది. దానిని అమ్మకములకు ఎవ్వరికిని ఇయ్యరాదని మా అభిప్రాయము. అమ్ముకొనదలచిన సోదరీమణుల కొరకు మూడు నెలల కొక మారు సంఘపు చావడిలోనే ఒక సాయంకాలము కేటాయింపవచ్చును. అందరు దంపతులు వత్తురు. పలు సంస్థల పాత్రలు, పలు చేతుల పచ్చళ్ళు ప్రక్కప్రక్కన నుండును. అచట ఒకరి యింటి ఉప్పు తిని కూర్చున్నామను బరువు ఎవ్వరికి నుండదు. నచ్చినది కొందురు, నచ్చనిది విడుతురు. ఈ సూచనను కార్యవర్గమువారు రాబోవు సమావేశమున చర్చింప ప్రార్థన.

పాత్ర మంచిదైనచో పది సంవత్సరములు వచ్చును. పొరుగు మంచిదైనచో మూడు తరములు వచ్చును. మొదటిదానికై రెండవదానిని పణముగ పెట్టవలదని మనవి చేయుచున్నాము.