ఆరోపణ, రుజువు, ఒక విలేఖరి



కంప్యూటర్ నేరాల వార్తలను ఎట్లా చదవాలన్నది ఈనాటి విషయం. ఇందుకు అమెరికా పాత్రికేయుడు జాన్ మార్కాఫ్‌ను మేము ఎంచుకున్నాము. హ్యాకరు అనే మాట సామాన్య పాఠకుడికి ఇంకా అలవాటు కాని రోజుల నుంచి ఆయన ఈ రంగంలో పనిచేశారు. 1988 నవంబరులో వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసిన ప్రోగ్రామును రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి రాశాడని న్యూయార్క్ టైమ్స్‌లో వెల్లడించినది ఆయనే. ఆ విద్యార్థి తండ్రి ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా శాస్త్రవేత్త కావడం మరీ విశేషం.

1994 జులై 4న అదే పత్రిక మొదటి పుటలో, పోలీసులకు చిక్కకుండా తిరుగుతున్న కెవిన్ మిట్నిక్‌ను గురించి మార్కాఫ్ రాశారు. మిట్నిక్ నిర్దోషి కాడు. కంపెనీల కంప్యూటర్లలో చొరబడినట్లు తరువాత న్యాయస్థానంలో తానే ఒప్పుకున్నాడు. అయితే కుర్రతనంలో అమెరికా వాయురక్షణ కేంద్రపు కంప్యూటరులోకీ చొరబడ్డాడని ఆ వార్తలో ఉన్నది. దానిని అతడు ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆ అభియోగం అతడిపై మోపబడనూ లేదు. 1995 ఫిబ్రవరిలో పట్టుబడిన మనిషి, 1999లో నేరం అంగీకరించేదాకా, నాలుగేళ్లకు పైగా బెయిలు లేకుండా విచారణ ఖైదీగా మగ్గాడు. విచారణ ఖైదీ అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ వివరించనక్కరలేదు. మిట్నిక్ జాడ తీయడంలో తోడ్పడిన కంప్యూటర్ నిపుణుడు షిమొమురాతో కలిసి మార్కాఫ్ ఆ వేటను పుస్తకంగా రాశారు. అది సినిమా కూడా అయింది. వార్త రాసేవారికి వేటలో వాటా ఉండవచ్చునా అని కొందరు అప్పుడే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1998 సెప్టెంబరులో మిట్నిక్ పక్షం వహించిన హ్యాకర్లు టైమ్స్ వెబ్‌సైటును ఆక్రమించి మార్కాఫ్‌ను దూషించారు. అది మిట్నిక్‌కు మేలు చేసిన పని కాదు.

గుమాస్తాలుగా దస్త్రాలు నడిపిన మాకు, ఆరోపణ ఒక కాగితం, రుజువు మరొక కాగితం. పత్రికలో అవి ఒకే వాక్యంలో కలిసిపోతాయి.

అంతమాత్రాన మార్కాఫ్‌ను కొట్టివేయలేము. సెప్టెంబరు 11 దాడుల తరువాత ముస్లిములందరినీ అనుమానంతో చూస్తున్న కాలమది. ప్రజల ఈమెయిళ్లు, ఫోను, బ్యాంకు, ప్రయాణ వివరాలను వారంటు లేకుండానే జల్లెడ పట్టే వ్యవస్థను పెంటగన్ నిర్మించబోతున్నదని 2002 నవంబరులో ఆయన వివరంగా రాశారు. నిరసన చెలరేగింది. 2003లో అమెరికా కాంగ్రెసు ఆ పథకానికి నిధులు ఆపివేసింది. పేరు పోయింది గాని, అందులో కొన్ని భాగాలు వేరే సంస్థల చేతికి మారాయని 2006లో మరొక పత్రిక బయటపెట్టింది.