ఇల్లాలి కంటిచూపు
(గ్రామ మహిళా సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కంటివైద్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు కోరినారు. మన పల్లెలలో కంటిజబ్బు ఎవరికి హెచ్చుగా వచ్చుచున్నది, వైద్యము ఎవరికి ముందుగా అందుచున్నది అను రెండు ప్రశ్నలకును ఒకే సమాధానము రాకపోవుటయే నేనిక్కడకు వచ్చుటకు కారణము.

1996 మొదలు 2000 వరకు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో పదివేలమందికి పైగా ప్రజల కన్నులను వైద్యులు పరీక్షించిరి. పట్టణములకంటె పల్లెలలోను, కలవారికంటె పేదలలోను, పురుషులకంటె స్త్రీలలోను అంధత్వము హెచ్చుగా నున్నదని తేలినది. 2020 నాటి అంచనా ప్రకారము ప్రపంచములోని అంధులు సుమారు 4 కోట్ల 30 లక్షలమంది. వారిలో నూటికి 55 మంది స్త్రీలు. స్త్రీలు ఎక్కువకాలము జీవింతురు గనుక ఇట్లున్నదని కొందరందురు. అది కొంతవరకు నిజమే. మిగిలిన కారణము మన యిండ్లలోనే యున్నది.

ఒకే యింట భార్యాభర్తలిద్దరికిని శుక్లములు వచ్చినవనుకొనుడు. ఆయన బస్సు పలక చదువలేకపోయిన నాడే నలుగురికి తెలియును. ఆమె సంగతి వేరు. ఉప్పు ఏ డబ్బాలో నున్నదో, నీళ్ల బిందె ఎక్కడ నున్నదో ఆమె చేతులకు కంఠస్థము. చూపు సగము పోయినను వంట సాగుచునే యుండును. వంట సాగినంతకాలము ఆమె చూపు మాట ఎవరికిని తట్టదు. తీరా తెలిసిన తరువాత, పట్నము ఎవరు తీసికొనిపోవలెను? గేదె పాలు ఎవరు పితుకవలెను? అప్పుడా తల్లియే, “కాటికి కాళ్లు చాచుకొన్నదానను, నాకెందుకు నాయనా?” యనును. ఇంటిలోనివారు ఆ మాటను ఎంత త్వరగా ఒప్పుకొందురో మీకు తెలియనిది కాదు.

అంధత్వ నివారణకై జాతీయ కార్యక్రమము 1976 లో ప్రారంభమైనది. ప్రభుత్వ ఆసుపత్రులలో శుక్లముల శస్త్రచికిత్స ఉచితము. కాని ఆమె కూలి, తోడు వచ్చినవారి కూలి, దారి ఖర్చులు కలిపి చూచినచో ఉచితమనునది పూర్తిగా ఉచితము కాదు. అందుచేత వైద్యమే పల్లెకు నడచి రావలెను. 1987 లో హైదరాబాదున పని ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఈ మార్గమున నడచినది. సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రము, అందులో శిక్షణ పొందిన యొక పరీక్షకులు; శస్త్రచికిత్స కావలసినవారినే పెద్ద ఆసుపత్రికి పంపుదురు. తెలంగాణములో 2018 లోను, మరల 2023 లోను కంటి వెలుగు శిబిరములు ఊరూర జరిగినవి. ఆంధ్రప్రదేశములో 2019 లో అదే పేరుతో కార్యక్రమము ఆరంభమైనది. ఊరిలోనే పరీక్ష యున్నప్పుడు ఆడవారు ఎవరి తోడును అడుగనక్కరలేదు. అయితే శిబిరము వచ్చి పోవును. శుక్లము మాత్రము శిబిరము వచ్చువరకు ఆగి యుండదు.

చత్వారమును గూర్చి కూడ చెప్పవలెను. నలువది దాటిన తరువాత దగ్గరి వస్తువు మసకబారుట రోగము కాదు గనుక దానిని ఎవరును లెక్కచేయరు. నరసాపురము వైపు లేసు అల్లువారికి, నిజామాబాదు వైపు బీడీలు చుట్టువారికి దగ్గరిచూపే జీవనాధారము. అస్సాము తేయాకు తోటలలో నలువది దాటిన కూలీలకు దగ్గరిచూపు కళ్లజోళ్లు ఇచ్చి చూచిరి. వారిలో అధికులు స్త్రీలు. జోడు లేనివారికంటె వారు కోసిన ఆకు నూటికి 21 వంతులకు పైగా హెచ్చినదని 2018 లో ప్రకటించిరి. కొద్ది వెలలో దొరకు వస్తువు చేసిన పని యిది. మన యిండ్లలో మగవారి కళ్లజోడు గౌరవచిహ్నము, ఆడవారిది మాత్రము నవ్వులాట! ఈ ఆచారము ఎవరు పెట్టినారో కాని, మంచిది కాదు.

ఇక సంఘము చేయగల పని. వారము వారము అప్పు వాయిదా అడుగుచున్నారు గదా. ఏడాదికి రెండు పర్యాయములు చూపును కూడ అడుగుడు. ఒక కన్ను మూసి ఎదుటి గోడమీది క్యాలెండరు అంకెలు చదివింపుడు, పిదప రెండవ కన్ను. రెండు కన్నులు తెరచి చూచినచో ఒకదాని లోపమును రెండవది కప్పిపుచ్చును. మధుమేహము కలవారిని మాత్రము అంకెలు చదివినను విడువక, ఏటేట వైద్యునియొద్దకు పంపుడు. శస్త్రచికిత్స అవసరమైనవారిని నలుగురైదుగురిని కలిపి, తోడుగా ఒకరినిచ్చి పంపినచో నలుగురి కూలి పోవలసినచోట ఒకరిదే పోవును. శుక్లము ముదరవలెననియు, చలికాలము రావలెననియు ఆగుట పాతకాలపు మాట. ఇప్పుడు ఏ ఋతువునైనను చేయుదురు. సాధారణముగా అరగంట కూడ పట్టదు. తరువాత కొన్ని దినములు పొయ్యి పొగకు దూరముగా నుంచుట, తలస్నానము ఆపుట కోడండ్రు, కొడుకులు చూచుకొనవలసిన పని.

కోతలు సమీపించుచున్నవి గనుక ఈ యొక్కటి కూడ చెప్పెదను. వరి కంకి కొన గాని, ఎండుటాకు గాని నల్లగ్రుడ్డుకు తగిలినచో చనుబాలు, ఆకు పసరు పోయకుడు. దుకాణములో అడిగి తెచ్చిన చుక్కలమందు కూడ వలదు. వాటిలో కొన్ని యిట్టి గాయములో బూజు పెరుగుటకు తోడ్పడును. కంటిని నులుమక, మంచినీటితో కడిగి, ఆ దినమే కంటి వైద్యునియొద్దకు పోవలెను. కోత సగములో నున్నను పోవలెను.